చర్చి గుమ్మం దగ్గర ఆగిన థింసా

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం కోసం మా హాస్టల్ పిల్లలు థింసా సాధన చేస్తున్నారు. ద్వారకా నగర్‌లో ఖాళీ జాగా ఎక్కడిది? మేడ మీద నీళ్ళ ట్యాంకుకీ బట్టలారేసే తాళ్ళకీ మధ్య పదిహేను మంది వరుస కట్టాలి. అందరూ చేతులు వెనక్కి పెట్టి పక్కవాళ్ళ చేతులు పట్టుకున్నారు. ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె మాత్రం పక్కన నిలబడిపోయింది. "మేం ఆడం మేడమ్. మా చర్చిలో ఒప్పుకోరు. థింసా ఆడితే పాత దేవతలకి మొక్కినట్టే అంటారు" అంది. మేము బలవంతం చెయ్యలేదు.

డిసెంబరు వచ్చింది. అదే మేడ, అదే అమ్మాయి. ఫోన్‌లో క్రిస్మస్ పాట పెట్టుకుని నలుగురికి స్టెప్పులు నేర్పుతోంది. అవి అచ్చం సినిమా స్టెప్పులే. "ఇదేటమ్మా, ఇది ఆట కాదా?" అని అడిగాం. "ఇది డ్యాన్స్ కాదు మేడమ్, యాక్షన్ సాంగ్" అంది. మాకు నవ్వొచ్చింది కానీ ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. తనకు అలాగే నేర్పారు.

పక్కనే బట్టలు మడతపెడుతున్న ఇంకో అమ్మాయి ఊరుకోలేదు. వాళ్ళింట్లో ఊరి అమ్మవారిని కొలుస్తారు. "పోనీ థింసానే చర్చిలో ఆడనిస్తే మాకేటి? అది మా అమ్మవారి ముందు ఆడేది. ముందు వద్దన్నారు, రేపు కావాలంటే ఇచ్చేయాలా?" అంది.

ఇద్దరి ప్రశ్నా సరైనదే. ఆ పూట మా దగ్గర జవాబు లేదు. మేము టీచర్ ట్రైనింగ్ చదివిన వాళ్ళం. తెలియనిది తెలుసుకుని చెప్తామని పిల్లలకు మాటిస్తే నిలబెట్టుకోవాలి. నాలుగడుగులు వేస్తే పౌర గ్రంథాలయం ఉంది. ఆదివారాలు అక్కడ కూర్చున్నాం. సెలవులకు కాంప్లెక్స్‌లో పాడేరు బస్సెక్కి ఊరెళ్ళినప్పుడు పెద్దలను అడిగాం. ఆరాధనలోకి ఆట ఎలా వచ్చింది, ఎలా పోయింది, మళ్ళీ ఎలా వస్తోంది అని మేము తెలుసుకున్న కథను ఈ సంచికలో మీకోసం రాస్తున్నాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో చర్చికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. ఇది ఇద్దరికీ సంబంధించిన కథ.

ముందు బైబిల్ సంగతి చూద్దాం, ఎందుకంటే వద్దనేవాళ్ళు అక్కడి నుంచే వద్దంటారు. ఎర్ర సముద్రం దాటాక మోషే అక్క మిర్యాము తంబుర పట్టుకుంటే, స్త్రీలందరూ ఆమె వెంట నాట్యమాడుతూ వెళ్ళారని నిర్గమకాండంలో ఉంది. మందసం యెరూషలేముకు వస్తుంటే రాజైన దావీదు దాని ముందు ఒళ్ళు మరిచి ఆడాడు. కిటికీలోంచి చూసిన భార్య మీకాలు అతన్ని చులకన చేసింది. కీర్తనల గ్రంథంలో చివరిదైన 150వ కీర్తనలో వాయిద్యాల పక్కనే నాట్యం కూడా ఉంది. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు పొలం నుంచి వస్తూ ఇంట్లో పాట, ఆట వినపడి బయటే ఆగిపోతాడు. అక్కడ ఆట తండ్రి ఇంటిది, అలక బయట నిలబడ్డవాడిది. ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాత క్రైస్తవ సంఘాలలో ఆటకు రెండు రకాల అనుభవం ఉంది. ఐరోపాలో పునీతుల పండుగల్లో జనం ఆడే ఆటలను పెద్దలు ఆపడానికి చూశారు. 589లో స్పెయిన్‌లోని టొలేడోలో జరిగిన మహాసభ అలాంటి నిషేధమే పెట్టింది. నిషేధించారంటే జనం ఆడుతున్నారనే కదా అర్థం! అదే స్పెయిన్‌లోని సెవిల్ మహాదేవాలయంలో కొన్ని పండుగలకు బాలురు బలిపీఠం ముందు నాట్యమాడే ఆచారం నేటికీ ఉంది. ఇథియోపియాలో ఆటను ఆపాలన్న ఆలోచనే కనపడదు. అక్కడి ప్రాచీన సంఘంలో 'దెబ్తెరా'లనే గాయకులు పొడవాటి చేతికర్రలు, గలగలమనే లోహపు వాయిద్యం పట్టుకుని, పెద్ద డోళ్ళ మోతకు తగ్గట్టు అడుగులు వేస్తూ ఆరాధిస్తారు. ఆ సంగీతానికి ఆద్యుడు ఆరో శతాబ్దపు యారేద్ అని వాళ్ళ నమ్మకం. అంటే ఆట క్రైస్తవానికి కొత్త కాదు. మన దగ్గరికి వచ్చిన క్రైస్తవం మాత్రం కూర్చుని ఆరాధించే దేశాల నుంచి వచ్చింది.

మన విశాఖపట్నానికి లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ 1805లో వచ్చారు. తెలుగువాళ్ళ మధ్య ప్రొటెస్టెంట్ మిషన్ పని ఇక్కడే మొదలైంది. ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన క్రైస్తవుడి సాయంతో సువార్తల అనువాదం సాగింది. ఆ తర్వాత పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లో, తాళాల్లో క్రైస్తవ కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తన పైనా రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. మన రాగం చర్చిలోకి వచ్చింది, మన తాళం కూడా వచ్చింది. కానీ ఆ తాళం చేతుల దగ్గరే ఆగింది, కాళ్ళ దాకా రాలేదు.

దీనికి సిద్ధాంతం ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. బెంచీలు కూడా కారణమే. బెంచీలు వరుసగా వేసి అందరూ ముందుకే చూసేలా కూర్చోబెడితే లేవడం, కూర్చోవడం, మోకరించడం తప్ప ఏం చేయగలరు? ఒకరి ముఖం ఒకరికి కనబడదు. 1950లో హైదరాబాదులో హెబ్రోను సంఘం మొదలుపెట్టిన బక్త్ సింగ్ జనాన్ని చాపల మీద కూర్చోబెట్టి, కలిసి భోజనాలు చేయించి, పాటలతో వీధుల వెంట ఊరేగింపులు నడిపించారు. అంతకుముందే దోర్నకల్‌లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య దేశీయ శిల్పంతో కట్టించిన మహాదేవాలయం 1939లో పూర్తయింది. ఇవి మైదానపు తెలుగువాళ్ళ సంగతులు. మన కొండల దారి వేరు.

జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1882 నుంచి జయపురం, కోరాపుట్, సాలూరు వైపు పనిచేశారు. వాళ్ళలో షుల్జ్ దొర కువి భాషకు 1911లో వ్యాకరణం, 1913లో పదకోశం అచ్చువేయించారు. మన కోదుల భాషకు అంత శ్రమ చేసినందుకు దండం పెట్టాలి. ఆరాధన క్రమం మాత్రం లూథరన్ క్రమమే. మాట కువిలోకి వచ్చినంత తేలిగ్గా ఆరాధన కువి అడుగులోకి రాలేదు.

సవరల కథ ఇంకా లోతైనది. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ప్రచురించారు. ఆ సవరల దగ్గరికే 1970ల మధ్యలో పియర్స్ విటెబ్స్కీ అనే ఇంగ్లీషు మానవశాస్త్రవేత్త వచ్చి, ఒడిశా వైపు గూడేల్లో ఏళ్ళ తరబడి తిరిగాడు. అప్పటికి సవరలు చనిపోయినవారితో కుడాన్‌ల ద్వారా మాట్లాడేవారు. పెద్ద తంతుల్లో డప్పు, కొమ్ము, ఆట ఉండేవి. ఒక్క తరం గడిచేసరికి ఎక్కువమంది యువకులు బాప్తిస్టు సంఘంలో చేరారు, డప్పు మూలపడింది. 2017లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఆ మార్పును రాశాడు. చదువు, ధైర్యం, అధికారుల ముందు తల ఎత్తి మాట్లాడే బలం వాళ్ళకు కొత్త మతంతో వచ్చాయని రాశాడు, పోయినదాని మీద బెంగ కూడా రాశాడు. రెండూ నిజమే. మనం ఒకటే చదివి రెండోది దాచకూడదు.

దూరాన ఈశాన్య కొండల్లో నాగాల సంగతీ ఇంతే. అమెరికన్ బాప్తిస్టులు వచ్చాక పాత విందులు, ఆటలు, పాటలు వెనక్కిపోయాయి. మిషనరీల ఈ పద్ధతిని జె.పి. మిల్స్ అనే బ్రిటిష్ అధికారి 1926లోనే తన పుస్తకంలో తప్పుపట్టాడు.

వద్దన్నవాళ్ళ మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. మన ఆట ఒంటరిగా ఉండదు. పండగ రాత్రి ఆటతో పాటు జీలుగు కల్లు, సారా ఉంటాయి. అప్పు చేసి తాగిన ఇళ్ళు, తాగి భార్యను కొట్టిన మగాళ్ళు మనకు తెలియనివాళ్ళా? కొత్తగా సంఘంలో చేరిన కుటుంబం తాగుడు మానాలంటే ఆ రాత్రికి, ఆ చోటికి దూరంగా ఉండాలని పాస్టర్లు అనుకున్నారు. పైగా కొన్ని ఆటలు నిజంగా దేవత ముందు ఆడేవే. కల్లుకుండను వదిలించబోయి డప్పును కూడా వదిలించేశారని మా అభిప్రాయం. కానీ వాళ్ళు భయపడిన కల్లుకుండ కల్పన కాదు.

అయినా కదలిక చర్చి నుంచి పూర్తిగా ఎప్పుడూ పోలేదు. మట్టల ఆదివారం నాడు చేతుల్లో మట్టలు ఊపుతూ ఊరేగుతారు. ఈస్టరు నాడు చీకటితో లేచి పాటలు పాడుకుంటూ నడుస్తారు. క్రిస్మస్ ముందు రాత్రుళ్ళు ఇంటింటికీ క్యారల్స్‌కి తిరుగుతారు. తెలుగు పల్లెల్లో క్రీస్తు పాటలకు కోలాటం వేసేవాళ్ళూ ఉన్నారు. సండే స్కూల్లో చేతులు ఊపి, గెంతి, తిరిగి పాడితే యాక్షన్ సాంగ్. పదేళ్ళ పిల్ల చేస్తే ముచ్చట, అదే పిల్ల పదిహేడేళ్ళప్పుడు వాళ్ళమ్మమ్మ అడుగు వేస్తే పాపం. ఈ తిరకాసు మాకు అర్థం కాలేదు.

మా పిల్లలకు బాగా నచ్చినది మిజోల కథ. 1894లో లొరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు మిజో కొండలకు వచ్చారు. చర్చి పాటలు పాశ్చాత్య బాణీల్లో, నిదానంగా సాగేవి. మిజోల డోలు 'ఖువాంగ్' పాత పండుగలదీ తాగుడుదీ అని బయటే ఉంచారు. 1906లో అక్కడ ఉజ్జీవం మొదలైంది. 1913లో, 1919లో మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఆ ఊపులో జనం కూర్చోలేకపోయారు. లేచి ఆడారు, మెల్లగా డోలు లోపలికి వచ్చింది, తమ స్వరాల్లో తమ పాటలు పుట్టాయి. పెద్దలు చాలాకాలం తలలు పట్టుకున్నారు. ఇవాళ మిజో చర్చిలో డోలు లేని ఆరాధన అరుదు. ముందు భాగంలో జాగా వదిలి, మనసు కదిలినవాళ్ళు అక్కడికి వచ్చి గుండ్రంగా ఆడతారు. అక్కడ ఆటను ఏ కమిటీ ప్రవేశపెట్టలేదు, ఏ దొరా దయతలచి ఇవ్వలేదు. పాడుతున్నవాళ్ళే తెచ్చుకున్నారు.

కతోలికుల దారి దీనికి తిరగేసి ఉంటుంది, అక్కడ మార్పు పైనుంచి కిందికి దిగింది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆరాధన గురించి ఇచ్చిన శాసనం ఆయా జాతుల సంప్రదాయాలకు తలుపు తెరిచింది. మన దేశంలో 1969లో పన్నెండు మార్పులకు అనుమతి వచ్చింది. చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి వంటివి అందులో ఉన్నాయి. గమనించారా, ఇవన్నీ శరీరంతో చేసేవే. అయితే అవి మైదానపు గుడి మర్యాదలు. మన గూడెం మర్యాదలు అందులో కనిపించవు.

ఆట విషయంలో రోము జాగ్రత్తగానే నడిచింది. ఆట వినోదంగా మాత్రమే మిగిలిన పాశ్చాత్య దేశాల్లో దాన్ని ఆరాధనలోకి తేవద్దని, ఆటే ప్రార్థనగా ఉన్న జాతుల సంగతి వేరని 1975లో ఒక వివరణ వచ్చింది. 1988లో అప్పటి జైరు, అంటే నేటి కాంగో దేశపు పూజా క్రమానికి ఆమోదం దొరికింది. అందులో గురువు, సేవకులు బలిపీఠం చుట్టూ లయగా అడుగులు వేస్తారు, జనం ఉన్నచోటే ఊగుతారు. 1994 నాటి ఇంకో పత్రం చప్పట్లు, ఊగడం, నాట్యపు కదలికలు కొన్ని జాతులకు సహజమని ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. అది అందరూ కలిసి చేసే ప్రార్థన కావాలి, ప్రదర్శన కాకూడదు. ఛోటానాగ్‌పూర్‌లో ఒకప్పుడు ఊరి అఖాడాలో ఆడొద్దని చెప్పిన చర్చిల్లోనే నేడు ఉరావ్, ముండా స్త్రీలు మాందర్ మోతకు చేతులు కలిపి అడుగులు వేస్తూ పూజకు ఊరేగింపుగా వస్తారు.

ప్రదర్శన కాకూడదన్న ఆ షరతు దగ్గర మేము చాలాసేపు ఆగాం. ఎందుకంటే అది థింసాకు పుట్టుకతోనే ఉన్న గుణం. థింసాకు చూసేవాళ్ళు అక్కర్లేదు. ఒకరి వెనక చేతులు ఒకరు పట్టుకున్నాక ఎవరూ ఒంటరిగా మెరవలేరు. ముందు నడిచే ఆమె చేతిలో నెమలి ఈకల కట్ట ఉంటుంది, ఆమె ఎటు తిరిగితే వరుస అటు పాములా వంపు తిరుగుతుంది, గుండ్రమవుతుంది, మళ్ళీ విడుతుంది. మోరి ఊదేవాళ్ళు, కిరిడి, తుడుము, డప్పు వాయించేవాళ్ళు పక్కనే. అడుగు తప్పినవాళ్ళను ఎవరూ బయటకు నెట్టరు, పక్కవాళ్ళ చేతులే లాక్కుపోతాయి. బగత, వాల్మీకి, కోదు, కొటియా, పోర్జ అందరూ ఆడతారు. మెరిసే బట్టలు కట్టి, స్పీకర్ పెట్టి, ఎనిమిది మంది స్టేజీ మీద ఆడుతుంటే మూడు వందల మంది ఫోన్లు ఎత్తి తీసే క్రిస్మస్ ప్రోగ్రాం కన్నా, గూడెంలో థింసాయే ప్రార్థనకు దగ్గర. పర్యాటకుల కోసం రిసార్టుల్లో ఆడించే థింసా మీదా మాకు ఇదే ఫిర్యాదు, అది వేరే వ్యాసం.

ఇక రెండో అమ్మాయి ప్రశ్న. థింసా అంతా ఒకటి కాదు. బోడ థింసా గ్రామదేవత కోసం ఆడేది. బాయ థింసా గణాచారికి పూనకం వచ్చినప్పటి ఆట. నాటికారి దీపావళికి వాల్మీకులు ప్రత్యేకంగా ఆడేది. పోతర్ తోలలో ఆకులు ఏరే కదలిక ఉంటుంది. భాగ్ థింసా పులి నుంచి తప్పించుకునే తీరు చూపిస్తుంది. కుండ థింసాలో భుజాలతో నెట్టుకుంటూ ఊగుతారు. అందుకని "థింసా పాపం" అన్న మాటా, "థింసా అంతా అమ్మవారిదే" అన్న మాటా సగం సగమే. ఆకులు ఏరే ఆటను పంటల పండుగ ఆరాధనలో ఆడితే ఏ దేవతకూ లోటు లేదు, ఏ విశ్వాసానికీ భంగం లేదు. దేవత ముందు ఆడేదాన్ని మాత్రం పేరు మార్చి, పాట మార్చి ఎత్తుకుపోవడం మాకు ఇష్టం లేదు. దాన్ని కొలిచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చర్చిలో ఆడినా థింసాను థింసా అనే పిలవాలి. కొత్త పేరు పెడితే పదేళ్ళకు ఆ పిల్లలకే తమ అమ్మమ్మ ఆట అని తెలియకుండా పోతుంది.

ఇంకో మాట. మతం మారితే గిరిజనులు కాకుండా పోతారని ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తే తెలుసుకోండి, 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. చట్టం ఇద్దరినీ ఒకే వరుసలో పెట్టింది. ఇటుకల పండుగకు ఆడేవాళ్ళూ, క్రిస్మస్‌కి ఆడేవాళ్ళూ మేడ మీద ఒక వరుసలో నిలబడలేకపోతే ఆ తప్పు చట్టానిది కాదు.

ఇదంతా మేము పిల్లలకు ఒక్కరోజు పాఠంగా చెప్పలేదు. భోజనాలయ్యాక ముక్కలు ముక్కలుగా చెప్పాం. వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. బోడ థింసా జోలికి పోకూడదని ముందే ఒప్పుకున్నారు. పోతర్ తోలకు రెండో అమ్మాయి సరేనంది, కానీ "అడుగు మేమే నేర్పుతాం, ఫోన్ చూసి కాదు" అంది. డప్పుకు ఎవరూ దొరకలేదు. వంటమనిషి ప్లాస్టిక్ డ్రమ్ము బోర్లించి ఇచ్చింది, దాని మోత విని కింది అంతస్తు వాళ్ళు పైకి వచ్చారు.

హాస్టల్ క్రిస్మస్ కూడికలో కుర్చీలు గోడకు జరిపేశాం. ప్రార్థన అయ్యాక వరుస కట్టారు. యాక్షన్ సాంగ్ అమ్మాయి మొదట పాట పుస్తకం పట్టుకుని గోడ దగ్గరే నిలబడింది. వరుస రెండోసారి ఆమె ముందు నుంచి తిరిగినప్పుడు చివర్లో ఉన్న పిల్ల చెయ్యి వెనక్కి చాపింది. పుస్తకం కుర్చీలో పెట్టి వచ్చి పట్టుకుంది. కుడికాలు ఎప్పుడు వెయ్యాలో తెలియక నాలుగైదుసార్లు తడబడింది.

మర్నాడు ఆఫీసు గదికి వచ్చి ఊరికి ఫోన్ చేసుకుంటానంది. అమ్మమ్మతో మాట్లాడుతూ, ఎడంకాలు వెనక్కి వేసేటప్పుడు నడుము ఎంత వంచాలని అడుగుతోంది. అవతల ముసలావిడ ఏమందో మాకు వినపడలేదు. పిల్ల మాత్రం ఫోన్ చెవికి పెట్టుకునే టేబులు పక్కన వంగి చూసుకుంటోంది.